గవాక్షం మూసి, వాతాయనం తెరిచి

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నది తెలుగువారి నోట తరతరాలుగా నలిగిన సామెత. ఒళ్ళలసిన వానికి పట్టుపరుపైనా, రాతిబండైనా ఒక్కటే అని దీని భావం. పెద్దల మాటలో అసత్యం లేదు. అయితే ఈ సామెత నిద్ర పట్టడాన్ని గురించి చెప్పిందే గాని, పట్టిన నిద్ర నిలవడాన్ని గురించి చెప్పలేదు. పరుపు లేకపోయినా నిద్ర పడుతుంది. చీకటి లేకపోతే ఆ నిద్ర నిలవదు. ఇంటిలో పడుకునేవారికి చీకటి అడగకుండానే లభిస్తుంది. తలుపు వేసి, దీపం ఆర్పితే చాలు. దారిలో, బండిలో రాత్రి గడపవలసినవారికి మాత్రం చీకటి కూడా కష్టపడి సంపాదించుకోవలసిన వస్తువే.

ఈ మాటలోని సత్యం ఆలూరు సీమవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో! కర్నూలు జిల్లా పడమటి అంచున, కన్నడ దేశపు సరిహద్దుకు ఆనుకొని ఉన్న ప్రాంతమిది. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలను ఒకే దారం గుచ్చినట్లు 167వ జాతీయ రహదారి కలుపుతుంది. హగరి వద్ద మొదలయ్యే ఆ రహదారి ఈ మూడు ఊళ్ళ మీదుగా మంత్రాలయం వైపు, అక్కడి నుండి రాయచూరు వైపు సాగిపోతుంది. నల్లరేగడి నేలలు, నమ్మరాని వానలు, పత్తి, వేరుశనగ, జొన్న, ఉల్లి - ఇవీ ఇక్కడి బ్రతుకుకు ఆధారాలు. వాన కరుణిస్తే ఇల్లు నిండుతుంది. కరుణించకపోతే ఊరు ఖాళీ అవుతుంది.

ఊరు ఖాళీ కావడం ఇక్కడ అలంకారం కోసం చెప్పే మాట కాదు. ఖరీఫు పంట ముగిసిన తరువాత, చలికాలం ప్రవేశించే వేళకు, వందలాది కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకొని గుంటూరు సీమ వైపు ప్రయాణమవుతాయి. అక్కడ మిరపకాయలు కోయాలి, పత్తి తీయాలి. దీనినే ఈ ప్రాంతంలో ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అంటే పంటకోతల కాలం. కన్నడ నాట అది పండుగవేళను స్ఫురింపజేసే మాట. ఆలూరు, ఆదోని పల్లెలలో మాత్రం అదే మాట వలసకు పర్యాయపదమైంది. ఒకే మాట సరిహద్దుకు అటు సంబరాన్ని, ఇటు ఎడబాటును చెప్పడం కంటే పెద్ద విషాదం భాషలో ఏముంటుంది!

సుగ్గికి పోయే దారి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. కొందరు బస్సులెక్కుతారు. కొందరు పదిమంది కలిసి వ్యాను బాడుగకు మాట్లాడుకుంటారు. మరికొందరు ప్రమాదమని తెలిసినా, చట్టం ఒప్పుకోదని తెలిసినా, సరకుల లారీలనే ఆశ్రయిస్తారు. జొన్నల మూట, వంటపాత్రలు, దుప్పట్లు, నీళ్ళబిందె, పసిపిల్లలు, ఒక్కొక్కసారి కోళ్ళగంప కూడా ఆ బండిలోనే. డ్రైవరు కన్ను మూతపడే వేళకు ఏ పెట్రోలు బంకు పక్కనో, ఏ దాబా ముందో బండి ఆగుతుంది. ఆ రాత్రికి అదే ఇల్లు.

ఇల్లే గాని, చీకటి లేని ఇల్లు. బంకు పైకప్పు నుండి తెల్లని దీపాలు పట్టపగలు చేస్తాయి. ఎదురుగా వచ్చే లారీల హెడ్‌లైట్లు కిటికీ అద్దాల మీదుగా గోడ గోడనూ తడిమి పోతాయి. అటువంటి రాత్రి ఒక తల్లి ఒడిలోని పిల్లవాడు కదులుతాడు.

“అమ్మా, దీపం కండ్లలో పొడుస్తాంది.”

“కండ్లు మూసుకో నాయనా.”

“మూసుకున్యా ఎర్రగా కనపడతాంది.”

పిల్లవాని మాటకు ఆ తల్లి దగ్గర జవాబు ఉండదు. మూటలో నుండి బొంత తీసి అద్దానికి అడ్డంగా కడుతుంది. మిగిలిన సందులో తన పైటకొంగు దోపుతుంది. ముందు సీటు నుండి డ్రైవరు తిరిగి చూసి, “అక్కా, అన్ని అద్దాలూ గట్టిగ మూయొద్దు. గాలాడకపోతే పిల్లోళ్ళకు కష్టమైతాది” అంటాడు. సుగ్గికి పోయే ఏ కుటుంబపు రాత్రి అయినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఆ మూడు మాటలలోనే ఈ విషయపు సారమంతా ఇమిడి ఉంది. వెలుగు కనురెప్పను దాటి వస్తుందని పిల్లవాడు చెప్పాడు. దానికి అడ్డు కట్టవచ్చునని తల్లి చూపించింది. ఆ అడ్డు గాలికి అడ్డు కాకూడదని డ్రైవరు హెచ్చరించాడు.

మన ప్రాచీనులు కిటికీకి పెట్టిన పేర్లను పరిశీలిస్తే ఈ సమస్య వారికి కొత్త కాదనిపిస్తుంది. సంస్కృతంలో కిటికీని గవాక్షమన్నారు. గో అంటే ఆవు, అక్షి అంటే కన్ను. ఆవు కన్ను వంటిది గవాక్షం. అదే కిటికీని వాతాయనమని కూడా అన్నారు. వాతం అంటే గాలి, అయనం అంటే మార్గం. గాలి నడిచే దారి వాతాయనం. మొదటి పేరు చూపుకు, వెలుగుకు సంబంధించినది; రెండవది ఊపిరికి సంబంధించినది. ఇంగ్లీషువారి ‘విండో’ అనే మాట కూడా ఉత్తర ఐరోపాలోని ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చినదే. ‘గాలికన్ను’ అని దాని అర్థం. ఎక్కడి నార్వే, ఎక్కడి ఉజ్జయిని! కిటికీలో కన్నును, గాలిని రెండు జాతులవారూ దర్శించారు. బండిలో నిద్రపోయేవాడు రాత్రివేళ చేయవలసిన పని ఒక్కటే: గవాక్షాన్ని మూయాలి, వాతాయనాన్ని తెరచి ఉంచాలి. ఒకే రంధ్రంలో ఉన్న ఈ రెండింటినీ విడదీయడంలోనే నేర్పంతా ఉంది.

తెరకు సంస్కృతంలో తిరస్కరిణి అని ఒక అందమైన పేరున్నది. మరుగుపరచేది అని దాని అర్థం. కాళిదాస మహాకవి కుమారసంభవ ప్రథమ సర్గలో హిమాలయ గుహాద్వారాల వద్ద వ్రేలాడే మేఘాలను తిరస్కరిణులుగా భావించాడు. ఆ మేఘపు తెరలో ఒక విశేషం ఉన్నది. అది చూపును ఆపుతుంది గాని, గాలిని ఆపదు. తెర ఎలా ఉండాలో ఆ ఒక్క భావన చెప్పక చెప్పింది.

మన పల్లెసీమల గూడుబండి కూడా ఇదే మార్గంలో రూపొందింది. ఎడ్లబండి మీద వెదురుబద్దలను వంచి కట్టి, వాటిపై చాపను కప్పితే గూడు తయారవుతుంది. ముందూ వెనుకా పాత చీరనో, దుప్పటినో తెరగా వేస్తారు. పెండ్లికూతురు అత్తవారింటికి వెళ్ళినా, బాలింత పుట్టింటి నుండి తరలినా, ముసలివారు తీర్థానికి బయలుదేరినా ఆ గూడే నీడ. చాప అల్లికలోని సందులు గాలిని రానిస్తాయి. ఎండను, వెన్నెలను చాలావరకు ఆపుతాయి. నేటికీ శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి వచ్చే భక్తులలో తమ వాహనాలనే విడిది చేసుకొని రాత్రి గడిపేవారు కనిపిస్తారు. బండి మారింది, గూడు అవసరం మారలేదు.

రైలుబండి తయారు చేసినవారు ఈ మర్మాన్ని ఇంకా చక్కగా గ్రహించారు. ముంబయి, చెన్నై నగరాలను కలిపే ఇనుపదారి ఆదోని మీదుగా పోతుంది. ఆ దారిలో స్లీపరు పెట్టె కిటికీని గమనిస్తే, దానికి రెండు తలుపులు కనిపిస్తాయి. ఒకటి అద్దపు తలుపు. రెండవది వాలుగా అమర్చిన రెక్కల తలుపు. అద్దం దించితే వెలుగు వస్తుంది, గాలి ఆగుతుంది. రెక్కల తలుపు దించితే వెలుగు ఆగుతుంది, గాలి వస్తుంది. గవాక్ష వాతాయనాలను వేరుచేసి ప్రయాణికుని చేతికి ఇచ్చిన ఏర్పాటు ఇది. పెట్టెలో రాత్రివేళ వెలిగే చిన్న నీలిదీపం, నడిచేవానికి దారి చూపించడానికే గాని, పడుకున్నవానిని మేల్కొలపడానికి కాదు.

బండినే ఇల్లుగా మార్చుకొనే అలవాటు ఇతర దేశాలలో విహారంగా వృద్ధి పొందింది. జర్మనీలో 1950లో వోక్స్‌వ్యాగన్ సంస్థ పెట్టె ఆకారపు వ్యాన్ల తయారీని ప్రారంభించింది. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ వాటిలో పడకలు, అరలు, తెరలు అమర్చసాగింది. క్యాంపర్ వ్యాన్ అనే మాటకు ఆ బండ్లే రూపునిచ్చాయి. తెలుగునాట కూడా బండి ఇల్లయిన సందర్భం ఒకటి చరిత్రలో నిలిచిపోయింది. 1982లో రాజకీయ పక్షాన్ని స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవర్లె వ్యానును ‘చైతన్యరథం’గా మార్చుకొని రాష్ట్రమంతటా పర్యటించారు. ఆయన కుమారుడు హరికృష్ణ దానిని నడిపారు. ఆ నెలలలో ఆ వాహనమే ఆయనకు సభావేదిక, విశ్రాంతి మందిరం కూడా. విహారానికి పోయేవాడైనా, ప్రజల వద్దకు పోయేవాడైనా, కూలికి పోయేవాడైనా, రాత్రి అయ్యేసరికి అందరికీ ఒకటే అక్కర. కంటికి చీకటి కావాలి, ఊపిరికి గాలి కావాలి.

కంటికి చీకటి ఎందుకు కావాలో చెప్పడానికి శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టింది. మెదడు నడుమ పీనియల్ అనే చిన్న గ్రంథి ఉన్నది. చీకటి పడగానే అది మెలటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఇది రాత్రి వచ్చిందని శరీరానికి కబురు చెప్పే దూత. 1958లో అమెరికాకు చెందిన ఆరన్ లెర్నర్ బృందం దీనిని పశువుల పీనియల్ గ్రంథుల నుండి వేరుచేసి, ఆ పేరు పెట్టింది. వెలుగు కంటిలో పడితే దూత వెనుదిరుగుతాడు. 2002లో మరొక విశేషం వెల్లడి అయింది. కంటిలో చూపుకు ఉపయోగపడే కణాలే గాక, పగలు రాత్రి తేడాను మెదడుకు తెలిపే కణాలు కూడా ఉన్నాయట. అవి నీలికాంతికి మిక్కిలిగా స్పందిస్తాయి. దేహంలోని ఈ కాలయంత్రపు రహస్యాలను ఛేదించినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నోబెల్ బహుమతిని అందుకున్నారు.

కనురెప్ప పల్చని చర్మం. దానిలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. అందుచేత మూసిన కంటికి కూడా బయటి దీపం ఎర్రగా తోస్తుంది. ఆ పిల్లవాడు చెప్పినది అక్షరాలా శాస్త్రమే. ఒకనాటి వీధులలో సోడియం దీపాలు పసుపు వన్నెతో మసకగా వెలిగేవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణాన్ని అతలాకుతలం చేసిన తరువాత, ఆ నగరపు వీధులలో పెద్దయెత్తున ఎల్‌ఇడి దీపాలు వచ్చాయి. తరువాత అవి పట్టణాలకు, పల్లెలకు విస్తరించాయి. కరెంటు ఆదా అయింది; దారి స్పష్టమైంది. కాని తెల్లని ఎల్‌ఇడి వెలుగులో నీలికాంతి పాలు ఎక్కువ. దారి పక్కన పడుకున్నవాని నిద్రకు అది మరింత చేటు. ప్రతి ప్రగతికీ ఒక నీడ ఉంటుంది. ఇక్కడ మాత్రం నీడ లేకపోవడమే సమస్య.

ఇక తెర సంగతి. పల్చని గుడ్డ ఎంత నల్లగా ఉన్నా వెలుగును పూర్తిగా ఆపలేదు. వెలుగును ఆపేది రంగు ఒక్కటే కాదు; నేత చిక్కదనం, పొరల సంఖ్య ముఖ్యం. ఈ దృష్టితో చూస్తే ఆ తల్లి కట్టిన బొంతకు మించిన తెర లేదు. పాత చీరలను మడతల మీద మడతలుగా పేర్చి, దగ్గరదగ్గర కుట్లు వేస్తే బొంత అవుతుంది. ఒక పొరలోని సందును మరొక పొర కప్పుతుంది. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన ముతక దుప్పటిని రెండు మడతలు వేసినా ఇదే గుణం వస్తుంది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేతకారులను కూడగట్టి సహకార సంఘాన్ని స్థాపించారు. ఆయన సేవకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ సంఘపు దుప్పట్లు, తువ్వాళ్ళు, తెరగుడ్డలు దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. కాలక్రమంలో మగ్గాల సందడి తగ్గినా, ఆ నేత గట్టిదనాన్ని ఈ ప్రాంతపు ఇల్లాండ్రు మరువలేదు.

గుడ్డ ఎంత మంచిదైనా, అంచులు వదులైతే ప్రయోజనం లేదు. కిటికీ కొలతకు సరిగ్గా కత్తిరించిన తెర పక్కల నుండి వెలుగు సూదిలా దూసుకు వస్తుంది. నాలుగు వైపులా నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువ ఉండాలి. అట్టను అద్దం ఆకారానికి కత్తిరించి, గుడ్డ చుట్టి బిగిస్తే ఇంకా మేలు. లోపలి వైపు ముదురు రంగు ఉంటే లోపలికి వచ్చిన వెలుగును మ్రింగివేస్తుంది. బయటి వైపు తెలుపో, వెండి పూతో ఉంటే పగటి ఎండను త్రిప్పికొడుతుంది. తెర బాగున్నదో లేదో తెలుసుకోవడానికి రాత్రి వరకు ఆగనక్కరలేదు. మిట్టమధ్యాహ్నం బండిలో కూర్చొని, తెరలన్నీ దించి, కొంతసేపు కన్ను అలవాటు పడనిచ్చి చూస్తే, లోపమున్న ప్రతిచోటా వెలుగు చుక్క నక్షత్రంలా మెరుస్తుంది. ఆ నక్షత్రాలన్నీ అస్తమించేవరకు పని పూర్తి కానట్లే.

అయితే డ్రైవరు మాటను మరువరాదు. వెలుగు మీది కోపంతో గాలిని వెళ్ళగొట్టడం అవివేకం. అన్ని అద్దాలూ బిగించిన బండిలో పదిమంది ఊపిరి కొద్దిసేపటికే గదిని ఉక్కగా మారుస్తుంది. చలిరాత్రి అయితే అద్దాలన్నీ చెమ్మగిల్లుతాయి. చలికి ఓర్వలేక లోపల బొగ్గుల కుంపటి పెట్టడం, ఇంజను నడుస్తూ ఉండగా నిద్రించడం అంతకంటే ప్రమాదం. వాటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి ఎదురెదురు కిటికీలను రెండంగుళాలు తెరచి, దోమతెర కట్టి, దాని మీద తెరను కొంచెం ఎడంగా, వాలుగా వ్రేలాడదీయాలి. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది. అడ్డు వస్తే ఆగుతుంది. గాలి వంకర దారులనైనా వెదుక్కొని వస్తుంది. ఈ ఒక్క భేదాన్ని ఆధారం చేసుకొనే గూడుబండి చాప, రైలు కిటికీ రెక్క, బొంత తెర పనిచేస్తున్నాయి.

తెరకు కాలనియమం కూడా ఉంది. బండి ఆగినప్పుడు తెర, కదిలినప్పుడు చూపు. మోటారు వాహనాల నిబంధనలు అద్దాల పారదర్శకతకు హద్దులు విధించాయి. ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుగును రానివ్వాలి. 2012 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం వాహనాల అద్దాలపై నల్లని ఫిల్ములు అతికించడాన్ని నిషేధిస్తూ తీర్పు చెప్పింది. నల్లని అద్దాల చాటున జరిగే నేరాలే ఆ తీర్పుకు ప్రేరణ. చీకటి అలసినవానికి అమ్మ ఒడి. దుర్మార్గునికి అదే ముసుగు. అందువల్ల రాత్రి కట్టి, తెల్లవారగానే విప్పివేయగల తెరయే న్యాయమైనది.

మరొక ధర్మాన్ని పూర్వపు బండివాడు మనకు నేర్పి పోయాడు. గూడు లోపల చీకటి చేసి అందరినీ నిద్రపుచ్చేవాడు. కాని బండి ఇరుసు కింద లాంతరు వ్రేలాడదీసేవాడు. ఆ దీపం లోపలివారి కోసం కాదు, ఎదురుగా వచ్చేవారి కోసం. నేటి రహదారుల మీద ఆగి ఉన్న బండిని వెనుక నుండి వచ్చిన లారీ ఢీకొన్న వార్తలు తరచుగా వినవస్తున్నాయి. రోడ్డు అంచున గాక, బంకు ఆవరణలోనో, లారీలు నిలిపే చోటనో బండిని ఆపాలి. వెనుక భాగాన వెలుగు పడితే మెరిసే ఎర్రని పట్టీలు అంటించాలి. లోపల చీకటి, వెలుపల గుర్తు: ఈ రెండూ కలిసినప్పుడే నిద్ర క్షేమంగా తెల్లవారుతుంది.

తెర కేవలం నిద్ర కోసమే అనుకుంటే పొరపాటు. లోపల చిన్న దీపం వెలిగిస్తే చాలు, వెలుపల నిలిచిన ప్రతివానికీ బండి లోపలి బ్రతుకంతా కనిపిస్తుంది. పసిబిడ్డకు పాలిచ్చే తల్లి, చీర మార్చుకోవలసిన ఆడపిల్ల, జ్వరంతో మూలుగుతున్న వృద్ధుడు - వీరందరికీ ఆ బొంత ఒక గోడ, ఒక తలుపు, ఒక మర్యాద. ఇల్లున్నవారు మర్యాదను గోడలతో కట్టుకుంటారు. ఇల్లు విడిచి వచ్చినవారు దానిని గుడ్డపేలికలతో కుట్టుకుంటారు. కుట్టుకున్నదని ఆ మర్యాద విలువ తక్కువ కాదు.

పిల్లలను ఊళ్ళోనే ఉంచి చదివించడానికి ప్రభుత్వం వలసకాలపు వసతిగృహాలను నడపడం మేలైన ప్రయత్నం. తాతయ్య, అవ్వల సంరక్షణలో నిలిచిపోయిన పిల్లలు కూడా ఎందరో ఉన్నారు. ఆలూరు సీమ పొలాలకు నీరు, చేతులకు పని ఊరిలోనే దొరికిన నాడు సుగ్గి అనే మాట తిరిగి పండుగ మాట అవుతుంది. అంతవరకు రహదారుల మీద రాత్రులు తప్పవు. ఆ రాత్రులలో బండి కిటికీకి కట్టిన బొంతను చూసి ఎవరూ నవ్వరాదు, తొలగించి తొంగిచూడరాదు. పగలంతా ఎండలో ఒరుల పంట కోయడానికి పోతున్నవారు, రాత్రి తమ కోసం కోరుకునేది చారెడు చీకటి మాత్రమే.